ఎద్దుతో చెప్పుకున్న మాట

మా ఎదురింటి అమ్మాయి పశువైద్యం చదివి, గద్వాల వైపు పోస్టింగ్ తెచ్చుకుని, స్వీటు డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఆంటీ, అక్కడ కేసులు ఎలా ఉంటాయి?" అని అడిగింది. కేసులకేముంది తల్లీ, పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి. పొట్ట ఉబ్బరం ఎక్కడైనా పొట్ట ఉబ్బరమే. ఈనడం కష్టమైన గేదె తెనాలిలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా ఒకేలా మూలుగుతుంది. పుస్తకంలో లేనిది దాన్ని తోలుకొచ్చిన మనిషి మాట. నువ్వు ఆ ఉద్యోగం సగం సూదితో చేస్తావు, సగం చెవులతో చేస్తావు అన్నాను.

ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది కానీ అర్థమైనట్టు నాకు అనిపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆడిట్ల గురించి ఒక్క ముక్క రాయను. వాటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పైగా అవి చదివి బాగుపడేవాళ్ళు ఎవరూ లేరు.

నేను తెనాలి దగ్గర పల్లెటూరి దాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాలమూరు జిల్లాకు వచ్చాను. అప్పట్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఆ ఒక్క జిల్లాలోవే. ఆ మూడు ఊళ్ళ చుట్టూ తిరగడంలోనే నా మంచి వయసంతా గడిచింది. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, నోరు పెద్దది. అక్కడి వాళ్ళు నన్ను అలాగే భరించారు. భరించడమేమిటి, ముద్దు చేశారు. "మా డాక్టరమ్మ మాట్లాడుతుంటే సినిమా సూసినట్టుంటది" అని నా ముఖం మీదే నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది, ఏం చేస్తాను.

నాలుగు గొర్లు

నా మొదటి పోస్టింగ్ నాగర్‌కర్నూల్ దగ్గర. వానలకు ముందు గొర్రెలకు, ఉన్నట్టుండి పడి చచ్చిపోయే చిటుక రోగం రాకుండా టీకాలు వేయాలి. కుర్మయ్య అని ఒక గొర్రెల కాపరి దవాఖానకు వచ్చి, "మా మందకు సూదులెయ్యాలమ్మా" అన్నాడు. ఎన్ని గొర్రెలున్నాయని అడిగాను.

"ఏమున్నయమ్మా, ఏదో నాలుగున్నయి."

నాలుగంటే నాలుగు కాదని నాకు ఆ మాత్రం తెలుసు. పోనీ నలభై అనుకుందామని, దానికి సరిపడా మందు ఐసు పెట్టెలో సర్దుకుని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. వెళ్ళి చూస్తే గుట్ట వాలంతా గొర్రెలే. కింద నేల కనబడలేదు.

"ఇవా నాలుగు?" అని అరిచాను.

"గట్ల అరవకమ్మా, గొర్లు బెదురుతయి" అన్నాడు కుర్మయ్య, ఎంతో శాంతంగా.

ఆ రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. నన్ను మోసం చేశాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ ఇళ్ళల్లో గొర్రెల్ని నోటితో లెక్క చెప్పరు. చెబితే తరిగిపోతాయని భయం. పాడి గేదె ఎన్ని పాలిస్తుందంటే కూడా అంతే. "ఏమిస్తదమ్మా, దూడ తాగంగ చాయలకొస్తయి" అంటారు. ఆ చాయలకొచ్చే పాలతోనే ఇద్దరు పిల్లల్ని వనపర్తి హాస్టల్లో పెట్టి చదివించిన ఇల్లాలిని నేనెరుగుదును. అలాంటి వాళ్ళని "నిజం చెప్పు" అని గద్దిస్తే ముఖం ముడుచుకుంటారు, ఇంకేమీ చెప్పరు. అందుకని నేనే ప్రశ్న మార్చుకున్నాను. మరుసటి ఏడాది కుర్మయ్య వచ్చినప్పుడు, "అన్నింటికీ సూదులు వేసేసరికి ఎంత పొద్దు పోతుందయ్యా?" అని అడిగాను.

"పొద్దు గూకుతదమ్మా."

చీకటి పడేదాకా అంటే ఎన్నో లెక్క కట్టుకుని, పెట్టె నిండా మందు పట్టుకెళ్ళాను. అన్నింటికీ సరిపోయింది.

ఆ సార్

వనపర్తిలో మా పై అధికారి చెయ్యి పెడితే కడుపులో అడ్డం తిరిగిన దూడ కూడా బుద్ధిగా బయటికొచ్చేది. అంత మంచి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. కానీ ఆయన నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం. ఒక రోజు ఒక రైతు గేదెను తోలుకొచ్చాడు. అది తల వేలాడేసి నిలబడింది. మా సారు ఫారం ముందు పెట్టుకుని అడగడం మొదలుపెట్టారు.

"మేత సక్రమంగా తీసుకుంటున్నదా?"

"ఆ సార్."

"పేడ పలుచగా ఉన్నదా?"

"ఆ సార్."

"గట్టిగా ఉన్నదా?"

"ఆ సార్."

సారు పెన్ను కింద పెట్టి, "చూశావామ్మా, వీళ్ళు నోరు తెరిస్తే అబద్ధం" అన్నారు నాతో.

"ఆయన జవాబు చెప్పడం లేదు సార్, మీకు నమస్కారం పెడుతున్నాడు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. కొత్త ఉద్యోగస్తురాలిని, ఆడదాన్ని, రైతు ముందు అలా అనేశానే, రేపు మెమో వస్తుందిరా దేవుడా అనుకున్నాను.

సారు ఫారం మూసి, బయటికి వెళ్ళి, గేదె పక్కన ఉన్న రాతి మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వచ్చీరాని యాసలో, "ఏందయ్యా సంగతి?" అన్నారు.

రైతు అటూ ఇటూ చూసి నవ్వేశాడు. "గదే సార్, మా తమ్ముని లగ్గమైంది. బువ్వ మస్తు మిగిలింది. పారేయబుద్ధి గాక కుండెడు దీనికే పోస్తిమి. గప్పటి సంది గిట్లనే నిలబడ్డది."

రోగమేమిటో తెలిసిపోయింది. పెళ్ళి అన్నం ఎక్కువై గేదె పొట్ట పులిసిపోయింది. మందు పడ్డాక అది మర్నాటికి లేచి మేతకు వచ్చింది. మా సారు నాకు మెమో ఇవ్వలేదు. ఆ సాయంత్రం తన డబ్బుతో నాకు మిరపకాయ బజ్జీలు తెప్పించారు. చిన్నవాళ్ళ దగ్గర ఒక మాట పుచ్చుకోగలిగిన పెద్దవాళ్ళు చాలా అరుదు. అలాంటి అధికారి దొరికితే వదులుకోకండి.

మీ కోసం ఇంకొంచెం చెబుతాను. అక్కడ "ఆ" అంటే వింటున్నాను అని. అవునని కాదు. "సూస్తం" అంటే చెయ్యము అని. "గట్లంటవా?" అంటే మీరు చెప్పింది నాకు నచ్చలేదు అని. "ఇప్పుడెట్లుంది?" అని అడిగితే "నయముంది" అంటారు. పశువుకు నయమైందని కాదు, మీరు ఇంత దూరం వచ్చి సూది వేశారు కదా, మీ మనసు కష్టపెట్టకూడదని. ఆ మాట నమ్మి ఇంటికి రాకండి. లేచి వెళ్ళి గాడిలో మేత ఎంత మిగిలిందో చూసుకోండి. ఆ మర్యాదకి మురిసిపోండి, కానీ మందు మాత్రం గాడిని చూసి రాయండి.

మేకకు పడిన తిట్లు

తర్వాత గద్వాలకు బదిలీ అయింది. ఒకసారి మల్దకల్ దగ్గర ఒక ఇంటికి మేక కాలు చూడ్డానికి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు చంకలో పిల్లాడిని పెట్టుకుని మేకను గుంజకు కట్టేస్తూ తిడుతోంది.

"తినుడు, పండుడు! ఒక్క పూటన్న చేను మొకం సూసినవా? కాలు నొస్తుందంట కాలు!"

మేకకు చేనుతో పనేమిటా అని నేను ఆలోచిస్తున్నాను. అరుగు మీద జొన్నలు చెరుగుతున్న అత్త తలెత్తకుండా, పక్కనే తిరుగుతున్న కోడిని అదిలించింది.

"పో! పొద్దుగాల సంది నీ లొల్లికి చెవులు పోయినయి!"

నేను మధ్యలో థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాను. జబ్బు ఎవరికో, మందు ఎవరికివ్వాలో తెలియలేదు. మేక మాత్రం నావైపు చూసి మే అంది.

తర్వాత ఎన్నో ఇళ్ళల్లో చూశాను. ఎదురెదురుగా అంటే గొడవైపోయే మాటని పశువుతో అంటారు. వినాల్సిన వాళ్ళు వింటారు, అన్నవాళ్ళు అననట్టే ఉంటారు. జవాబు కూడా పశువుకే ఇస్తారు. ఆ అత్తాకోడళ్ళు నేను కట్టు కట్టే లోపే బుడ్డలు, అదే వేరుశనగలు, వేయించుకుని ఒకే కంచంలో తింటున్నారు, నాకూ పెట్టారు. తండ్రులు కొడుకులతో కూడా అంతే. "ఎద్దును కడగాలె అన్న సోయి లేదు ఎవనికీ" అని ఎద్దుతో అంటే, కొడుకు లేచి బకెట్టు పట్టుకునేవాడు. నాకు ఇదంతా మొదట్లో నాటకంలా కనిపించేది. మా వైపు అయితే మొహం మీదే అనేస్తాం, తర్వాత ఆరు నెలలు మాట్లాడుకోం. ఏది మేలో మీరే చెప్పండి.

కరియ

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. నేను మానవపాడు వైపు ఒక ఊళ్ళో పశువుల దవాఖాన చూస్తున్న రోజులు. కర్ణాటక దగ్గర కావడంతో అక్కడ నల్ల పశువులకి కరియ అని కన్నడ పేరు పెట్టేవాళ్ళు. తిమ్మప్ప అనే పెద్దాయన తన నల్లెద్దు కరియను తోలుకుని వచ్చాడు.

"మేత మొకం సూస్తలేదమ్మా. పానం బాగలేనట్టుంది."

చూశాను. జ్వరం లేదు. గుండె బాగుంది. పొట్ట గడియారంలా పనిచేస్తోంది. మేము మాట్లాడుతుండగానే కరియ మెడ చాచి, పక్కన ఎవరో దించిన పచ్చి గడ్డి మోపులోంచి ఒక పెద్ద పట్టు లాక్కుని నమలడం మొదలుపెట్టింది. గడ్డి మోపు తాలూకు మనిషి లబలబలాడాడు.

"దీనికి ఏ రోగమూ లేదు పెద్దాయనా. నిక్షేపంగా ఉంది. ఇంకా నాలుగేళ్ళు దున్నుతుంది" అన్నాను సంతోషంగా. ఇలాంటి మాట చెబితే రైతు ముఖం వెలిగిపోవాలి. తిమ్మప్ప ముఖం వాడిపోయింది.

"గట్లంటవా అమ్మా?" అన్నాడు.

నా చెవిలో గంట మోగింది. అయినా పని ఒత్తిడిలో ఏదో బలానికి పొడి ఇచ్చి పంపేశాను.

కొద్దిరోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి "నడుస్తలేదమ్మా" అన్నాడు. ఊరి అవతలి నుంచి ఎద్దును నడిపించుకునే వచ్చాడు. "నడవలేని ఎద్దు నిన్ను మోసుకొచ్చిందా పెద్దాయనా?" అని ఆటపట్టించాను. ఎప్పుడూ నాతో పరాచికాలాడే మనిషి నవ్వలేదు. పలుపు తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. వచ్చినవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి, నేల చూస్తూ అడిగాడు.

"నువ్వు ఒక్క మాటంటే అయిపోతది బిడ్డా. దీనికి బండెక్కే తాకత్ లేదను."

"బండి ఎందుకెక్కడం?"

ఆ వైపు పశువు బండెక్కిందంటే ఒకటే, శనివారం పెబ్బేరు సంత.

"సంతకు తోలుతున్నారా?"

"మా నర్సింలు తోలుతనంటుండు. ట్రాక్టరొచ్చె, ఇత్తనాలకు సీడు పత్తి పెట్టె. ఎద్దుకు పనేముంది. దీని జోడుది పోయిన ఏడు సచ్చిపాయె. ఒంటెద్దుతోని ఏం చేస్తడు." కొడుకు తరఫున కారణాలన్నీ ఆయనే చెప్పాడు, ఒక్కటి కూడా తప్పు పట్టకుండా.

"మీకు ఇష్టం లేదని అబ్బాయితో చెప్పొచ్చు కదా?"

తిమ్మప్ప నన్ను పసిపిల్లని చూసినట్టు చూశాడు. "పెత్తనం వానికిచ్చిన తల్లీ. పది మంది ముంగట ఇచ్చిన. ఇచ్చినంక మళ్ల నోరు పెడితే ఇచ్చినట్టెట్లయితది? నేనన్నట్టు వానికి చెప్పకు. కొడుకు మీద దవాఖానల చెప్పుకున్నడు అంటరు ఊర్ల."

కరియ మెడ కింద గీరుతూ, దానితోనే, "మంచిగనే ఉన్నవంట పోరా" అని, తోలుకుని వెళ్ళిపోయాడు. నాకు మింగుడుపడలేదు. మనసులో ఆ నర్సింలును ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. కనబడనీ వెధవని, కడిగేస్తాను అనుకున్నాను.

కనబడ్డాడు. ఆ గురువారమే తన గేదెకు సూది వేయించడానికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, తండ్రి లాగే నేల చూపులు. నేను కడిగేయడానికి నోరు తెరిచేలోపు అతనే గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, కరియకు ఏం రోగమో నాతోని నిజం చెప్పుండ్రి. నాయినకు తెల్వనియ్య."

"ఏ రోగమూ లేదు."

"మీరు గట్లనే అంటరు. మా నాయిన దాన్ని దూడప్పటి సంది సాకిండు. ఆయన దినాం దానికి బాగలేదు, బాగలేదు అంటుండు. ఆయనకు తెల్వదా?" గేదె వీపు మీద చెయ్యి వేసి ఆగాడు. "దాని జోడుది కొట్టంల కూలబడి సచ్చిపోయింది మేడం. నాయిన వారం దినాలు బువ్వ ముట్టలే. మేమందరం బుగులు పడ్డం. ఇది గూడ ఆయన కండ్ల ముంగట పోతే ఇగ నాయిన మాకు దక్కడు. ఇప్పుడైతే దున్నుకునేటోడు కొంటడు, యాడనో బతుకుతది. కూలబడినంకైతే కోతకే పోతది. అందుకే శనివారం తోలుదామనుకుంటున్న."

"మీ నాన్నగారిని అడిగారా?"

"అడుగుడేంది మేడం. నాయిన నోరు తెరిచి అమ్ము అంటడా? బాగలేదు బాగలేదు అని నా చెవిన పడేటట్టు అంటనే ఉండె. కొడుకునైనంక నేనే అర్థం చేస్కోవద్దా?"

సిరంజి పక్కన పెట్టి, ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. తండ్రి, రోగమని చెబితే కొడుకు ఎద్దును అమ్మడని అనుకుంటున్నాడు. కొడుకు, రోగమని నాన్న చెబుతున్నాడు కాబట్టి అమ్మమనే కదా అంటున్నాడు. ఒకరి మీద ఒకరికి ప్రాణం. ఆ ప్రాణంతోనే మధ్యలో ఉన్న ఎద్దును సంతకు తోలేస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీ నాన్నకు అమ్మడం ఇష్టం లేదయ్యా" అని అక్కడికక్కడే అనేయొచ్చు. నా నోటికి అది పెద్ద కష్టమేమీ కాదు. కానీ అంటే ఏమవుతుంది? నాయిన నాతో అనకుండా దవాఖానలో డాక్టరమ్మతో చెప్పుకున్నాడా అని కొడుకు కుమిలిపోతాడు. కొడుకు ముఖం చూడలేక తండ్రి కుమిలిపోతాడు. కరియ మిగులుతుందేమో గానీ ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా ఇప్పుడున్న ఆ కాస్త మాట కూడా పోతుంది. "నేనన్నట్టు నాయినకు చెప్పకుండ్రి" అని నర్సింలు కూడా మాట తీసుకుని వెళ్ళాడు. ఇద్దరి మాటా నా కడుపులో ఉంది. నేను దేన్నైనా దాచుకోగలను గానీ మాటను దాచుకోవడం నాకు చచ్చేంత కష్టం. ఆ రోజంతా దవాఖానలో అందరి మీదా అరిచాను.

శుక్రవారం

శుక్రవారం పొద్దున సంచి తగిలించుకుని తిమ్మప్ప ఇంటికి నడిచాను. ఎవరూ పిలవలేదు. దూడకు పురుగుల మందు తాగించాలని వంక పెట్టుకున్నాను. నర్సింలు భార్య జయమ్మ ముంగిట్లో చొప్ప సర్దుతోంది. తిమ్మప్ప కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నర్సింలు కరియను కడుగుతున్నాడు. ఎద్దును అంత శ్రద్ధగా, కొమ్ముల దాకా తోమి కడుగుతున్నాడంటే సంతకే. తండ్రి అది చూస్తున్నాడు, చూడనట్టు గోడ మీద సున్నం గిల్లుతున్నాడు.

ఇంటి నుంచి ఏమేమో కూడబలుక్కుని వచ్చాను. ఆ గోడ గిల్లుడు చూడగానే ఒక్కటీ గుర్తులేదు. దూడకు మందు తాగించాను. ఇంక వెళ్ళిపోవాలి. వెళ్ళలేక కరియ దగ్గరికి వెళ్ళి, దాని మూతి రెండు చేతులతో పట్టుకుని, మా తెనాలి భాషలోనే మొదలుపెట్టాను.

"ఏమయ్యా కరియా! నీకు జ్వరం లేదు, వాతం లేదు, నీకు ఏ రోగమూ లేదు. నాలుగు మోపుల గడ్డి ఎత్తుకెళ్ళి తినే మొనగాడివి. నీకేదో అయిందని ఇంట్లో వాళ్ళంతా ఎందుకయ్యా బెంగపడి చస్తున్నారు?"

జయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. నిజమే, ఎద్దుతో "అయ్యా" అని మాట్లాడిన వాళ్ళని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. నర్సింలు తోమడం ఆపాడు. నేను వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. చూస్తే నోరు ఆగిపోతుంది.

"నీ గొడవేమిటో నాకు తెలుసులే. ఈ ఇంట్లో ఎవరికి ఎవరి మీద ప్రేమ ఎక్కువైతే వాళ్ళు అంత గట్టిగా నోరు మూసుకుంటారు. నిన్ను తోలేవాడు తన కోసం తోలడం లేదు. నిన్ను తోలొద్దనుకునేవాడు నోరు తెరిచి ఆ మాట అనడు. మధ్యలో నువ్వు శనివారం బండెక్కి పోతావు. పోయాక ఇద్దరూ చెరో మూలా కూర్చుని అన్నం మానేస్తారు. అప్పుడు మళ్ళీ నేనే రావాలి. నేను పశువుల డాక్టర్నయ్యా, మనుషులకు నా దగ్గర మందు లేదు."

మూతి వదిలేసి వెనక్కి జరిగాను. కరియ నా చేతి వేళ్ళు నాకింది. 

నర్సింలు గడ్డి కుచ్చు చేతిలో అలాగే పట్టుకుని, అలవాటు చొప్పున, కరియతోనే అన్నాడు. "ఇన్నవారా? డాక్టరమ్మ ఏమో అంటుంది."

ఇక తిమ్మప్ప కూడా ఎద్దుతోనే ఏదో అంటాడనుకున్నాను. ఆయన గోడ పట్టుకుని లేచాడు. ఎద్దును దాటుకుని వెళ్ళి కొడుకు ముందు నిలబడ్డాడు.

"నర్సింలూ" అన్నాడు.

కొడుకు ఉలిక్కిపడ్డాడు.

"నాకు దీన్ని తోలబుద్ధి అయితలేదురా."

నర్సింలు చేతిలోంచి గడ్డి కుచ్చు జారిపోయింది. "మరి దినాం బాగలేదు బాగలేదంటివి గద నాయినా! నీ కండ్ల ముంగట పోతదేమో అని నేను సచ్చిపోతుంటి!"

"బాగలేదంటే తోలవనుకుంటి."

"అయ్యో నాయినా... గీ మాట మొదలే అనరాదా?"

"ఎట్లంట? పెత్తనం నీకిచ్చిన గదరా."

"పెత్తనమిచ్చినవు సరే" అన్నాడు నర్సింలు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నోరు ఎవరికిచ్చినవే నాయినా?"

జయమ్మ నవ్వడం మానేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేను కరియ కనురెప్ప ఎత్తి పట్టుకుని, ఏదో పరీక్ష చేస్తున్నట్టు దాని కంట్లోకి చూస్తూ నిలబడ్డాను. చూడాల్సిందేమీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు, అంతే.

తిమ్మప్ప తడిసి ఉన్న కొడుకు చెయ్యి పట్టుకుని, పెత్తనంతో పాటు ఎప్పుడో ఇచ్చేసిన గొంతుతో అన్నాడు.

"బండోనికి ఫోన్ చెయ్యి. రేపు రావద్దను. గట్టిగ చెప్పు."